నిండైన ఎండలో నీరసించే ఎముకలు

నలభై ఏళ్ళయినా నిండని ఇల్లాలు సజ్దా నుంచి లేచేటప్పుడు చేతిని నేలకు ఆనించి, మోకాలు పట్టుకొని లేస్తుంది. మెట్లెక్కితే తొడల్లో నొప్పి, కూర్చుంటే నడుము నొప్పి. 'కాన్పుల బలహీనత, వయసు మీద పడుతోంది' అని ఆమే సరిపెట్టుకుంటుంది. నడక నేర్చిన పసివాడి కాళ్ళు విల్లులా వంగి కనిపిస్తే 'పెరిగేకొద్దీ అవే సర్దుకుంటాయి' అని పెద్దలు ధైర్యం చెబుతారు. రెండేళ్ళలోపు పిల్లల విషయంలో ఆ మాట చాలాసార్లు నిజమే. కానీ నిజం కాని సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు తల్లి నొప్పికీ, బిడ్డ కాళ్ళ వంకరకూ మూలం ఒకటే కావచ్చు. అది విటమిన్ డి కొరత.

సంవత్సరం పొడుగునా ఎండ కాసే తెలుగు నేల మీద ఈ కొరత ఉండటం వింతగా తోస్తుంది. తిరుపతిలోని వైద్య పరిశోధకులు ఏళ్ళ తరబడి జరిపిన అధ్యయనాలలో పట్టణవాసులలోనే కాక పల్లెవాసులలోనూ, పురుషులలోనూ స్త్రీలలోనూ ఈ కొరత విస్తృతంగా కనిపించింది. పొలాల్లో పనిచేసేవారి పరిస్థితి పట్టణవాసుల కంటే కొంత మెరుగు. కనుక ఇది ఏ ఒక్క వర్గానికో, ఏ ఒక్క వేషధారణకో పరిమితమైన సమస్య కాదు.

శరీరమే తయారు చేసుకునే పోషకం

తక్కిన విటమిన్లు మనకు ఆహారం ద్వారా అందుతాయి. డి విటమిన్‌ను మాత్రం ప్రధానంగా మన చర్మమే తయారు చేసుకుంటుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత బి కిరణాలు చర్మాన్ని తాకినప్పుడు అక్కడి కొవ్వు పదార్థం ఒకటి విటమిన్‌గా మారుతుంది. తర్వాత కాలేయం, మూత్రపిండాలు దానిని శరీరానికి పనికివచ్చే రూపంలోకి తెస్తాయి. మనం తిన్న కాల్షియాన్ని పేగులు గ్రహించాలంటే ఈ విటమిన్ తప్పనిసరి. అది లేనప్పుడు పిల్లల ఎముకలు మెత్తబడి వంగుతాయి. దానినే రికెట్స్ అంటారు. పెద్దలలో ఎముకలు విరగకుండానే లోలోపల మెత్తబడి నొప్పి పుట్టిస్తాయి. దాని పేరు ఆస్టియోమలేసియా.

ఆహారంలో ఈ విటమిన్ దొరికే పదార్థాలు తక్కువ. కొవ్వు ఎక్కువగా ఉండే సముద్రపు చేపలు, గుడ్డు పచ్చసొన, కాలేయం, ఎండ తగిలిన పుట్టగొడుగులు మాత్రమే చెప్పుకోదగ్గవి. కాడ్ చేప కాలేయపు నూనె రికెట్స్‌ను నివారిస్తుందని బ్రిటన్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ మెలన్‌బీ 1919 ప్రాంతంలో కుక్కపిల్లలపై ప్రయోగాలతో చూపాడు. అదే సంవత్సరం బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అనే వైద్యుడు అతినీలలోహిత దీపం కాంతితో రికెట్స్ పిల్లలకు నయం చేశాడు. ఒకరు ఆహారం వైపు నుంచి, మరొకరు కాంతి వైపు నుంచి ఒకే సత్యాన్ని చేరుకున్నారు.

గ్లాస్గో నేర్పిన పాఠం

ఈ వ్యాధి చరిత్రలో ముస్లిం కుటుంబాలు ప్రత్యేకించి తెలుసుకోవలసిన అధ్యాయం ఒకటి ఉంది. పొగ కమ్మిన పారిశ్రామిక నగరాలలో బ్రిటన్ బిడ్డలను తరతరాలుగా పీడించిన రికెట్స్ రెండవ ప్రపంచ యుద్ధకాలం తర్వాత దాదాపు కనుమరుగైంది. 1940 నుంచి మార్గరీన్‌లో ఎ, డి విటమిన్లు కలపటాన్ని ప్రభుత్వం తప్పనిసరి చేసింది. పసిపిల్లలకు కాడ్ లివర్ నూనె పంచిపెట్టింది. ఆ సమయంలో తమ ఆహారపు అలవాట్లనూ వస్త్రధారణనూ మార్చుకోమని అక్కడి తల్లులకు ఎవరూ చెప్పలేదు. వారు రోజూ తినే పదార్థంలోనే మందు కలిసి వచ్చింది.

అంతా ముగిసిందనుకున్న దశలో, 1960ల తొలినాళ్ళలో, గ్లాస్గోలోని పాకిస్తానీ కుటుంబాలలో రికెట్స్, ఆస్టియోమలేసియా మళ్ళీ కనిపిస్తున్నాయని వైద్యులు గుర్తించారు. తర్వాత బర్మింగ్‌హామ్, బ్రాడ్‌ఫర్డ్ తదితర నగరాలలోనూ దక్షిణాసియా కుటుంబాలలో ఇదే కనిపించింది. ముదురు వన్నె చర్మానికి ఎక్కువ ఎండ కావాలి. ఉత్తరాది ఆకాశంలో అది దొరకదు. పొట్టుతో కూడిన పిండిలోని ఫైటేట్లు కాల్షియాన్ని శరీరానికి పూర్తిగా అందనివ్వవు. ఇవన్నీ కలిసి ఎముకల మీద దెబ్బ తీశాయి.

చపాతీ పిండిలో విటమిన్ డి కలపాలన్న ప్రతిపాదన అప్పుడు వచ్చింది. దానిని ప్రయోగాత్మకంగా పరీక్షించారు కూడా. కానీ ప్రభుత్వం ఆ మార్గాన్ని స్వీకరించలేదు. 1981లో 'స్టాప్ రికెట్స్' పేరుతో దేశవ్యాప్త ప్రచారం మొదలైంది. ఆసియా తల్లులకు అవగాహన కలిగించటం దాని లక్ష్యం. దీనిపై తీవ్ర విమర్శలు వచ్చాయి. తమ ప్రజలకు రికెట్స్ వచ్చినప్పుడు ఆహారాన్ని బలవర్ధకం చేసిన దేశం, వలస వచ్చినవారికి వచ్చేసరికి వారి రొట్టెనూ పర్దానూ తప్పుపడుతోందని విమర్శకులు నిలదీశారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉందని మేము భావిస్తున్నాము.

అయితే ఆ అధ్యాయంలో మరో పుట కూడా ఉంది. గ్లాస్గోలో 1979 నుంచి ఆసియా కుటుంబాల పిల్లలకు విటమిన్ డి ఉచితంగా అందించారు. కొన్నేళ్ళలోనే రికెట్స్‌తో ఆసుపత్రి పాలయ్యే పిల్లల సంఖ్య బాగా తగ్గింది. ఇటీవలి కాలంలో బర్మింగ్‌హామ్‌లో గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలందరికీ, ఏ వర్గమన్న భేదం లేకుండా, ఉచితంగా విటమిన్ అందించినప్పుడు పిల్లలలో ఈ కొరత లక్షణాలతో వచ్చే కేసులు సగానికి పైగా తగ్గాయి. నిందతో సాధ్యం కానిది సదుపాయంతో సాధ్యమైంది.

పాలలో, నూనెలో

ఫిన్‌లాండ్ ఇదే దారిలో మరింత ముందుకు సాగింది. 2003 నుంచి అక్కడ పాలలోనూ, రొట్టెకు రాసుకునే కొవ్వు పదార్థాలలోనూ విటమిన్ డి కలుపుతున్నారు. 2010లో ఆ మోతాదును రెట్టింపు చేయాలని సిఫారసు చేశారు. 2000, 2011 సంవత్సరాలలో జరిగిన జాతీయ సర్వేలను పోల్చి చూస్తే పెద్దల రక్తంలో విటమిన్ స్థాయి స్పష్టంగా పెరిగింది.

మన దేశంలో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో బలవర్ధక ఆహార నిబంధనలను ప్రకటించింది. పాలలో, వంటనూనెలో ఎ, డి విటమిన్లు ఎంత కలపాలో వాటిలో నిర్దేశించింది. ఇలా కలిపిన ప్యాకెట్ల మీద నీలిరంగులో కూడిక గుర్తు, 'ఎఫ్' అక్షరం ఉన్న ముద్ర ఉంటుంది. సరుకులు కొనేటప్పుడు ఆ ముద్రను చూసి ఎంచుకోవటం ఖర్చులేని జాగ్రత్త.

అయితే లెక్క కూడా తెలిసి ఉండాలి. బలవర్ధక పాలలో లీటరుకు సుమారు 200 నుంచి 300 యూనిట్లు ఉంటాయి. అంటే 200 మి.లీ. గ్లాసులో 40 నుంచి 60. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు రోజుకు సూచించినది 600 యూనిట్లు. కనుక పాలు, నూనె సహాయకాలే తప్ప పూర్తి పరిష్కారం కావు. కాల్షియం కోసం రాగులు, నువ్వులు, పెరుగు, ఆకుకూరలు భోజనంలో ఉండాలి. కాల్షియం అందకపోతే విటమిన్ ఒక్కటే ఎముకను నిలబెట్టలేదు.

ఏ వేళ ఎండ?

'ఉదయపు లేత ఎండలో విటమిన్ డి వస్తుంది' అనే నమ్మకం మన ఇళ్ళలో బలంగా ఉంది. లేత ఎండ హాయినిస్తుంది కాని, అందులో కావలసిన కిరణాలు బహు స్వల్పం. తిరుపతి పరిశోధనలో ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్యే విటమిన్ బాగా తయారవుతున్నట్లు తేలింది. 2019 ఏప్రిల్‌లో ఆహార భద్రత సంస్థ 'ప్రాజెక్ట్ ధూప్' ప్రారంభించి, పాఠశాలల ప్రార్థన సమావేశాన్ని ఉదయం నుంచి 11, 1 గంటల మధ్యకు మార్చమని కోరింది కూడా ఇందుకే.

దీనికి గడియారం కూడా అక్కరలేదు. నమాజు వేళలను నీడతో కొలవటం మనకు తెలిసిన విద్యే. మన నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉన్నంతసేపు ఎండ పనికివస్తుంది. అసర్ వేళ వచ్చేసరికి నీడ మన ఎత్తంత అవుతుంది, లేదా దానిని మించిపోతుంది. అప్పటి ఎండతో ఎముకలకు ఒరిగేది తక్కువ. చలికాలంలో ఈ వ్యవధి మధ్యాహ్నం చుట్టూ కొద్దిసేపే ఉంటుంది. అద్దం ఈ కిరణాలను ఆపేస్తుంది కనుక కిటికీ అద్దం వెనుక కూర్చుంటే ఫలితం లేదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వడదెబ్బ భయం నిజమైనది. అప్పుడు కొద్ది నిమిషాలకు మించకూడదు. చర్మం కమిలేదాకా ఎండలో ఉండటం ఎప్పుడూ మంచిది కాదు.

పర్దాలో ఉన్నవారి సంగతి

శరీరం పూర్తిగా కప్పుకొనే స్త్రీలలో విటమిన్ డి స్థాయి తక్కువగా ఉంటుందని పలు దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ఈ వాస్తవాన్ని దాచటం మన ఆడబిడ్డలకు మేలు చేయదు. అలాగని పర్దాయే వ్యాధికి కారణమని ముద్ర వేయటమూ సరికాదు. పర్దా లేని స్త్రీలలోనూ, పురుషులలోనూ ఇదే కొరత ఉందని పైన చెప్పుకొన్నాము.

నిజానికి మన తాత ముత్తాతల ఇళ్ళకు నడిమధ్యలో ఆంగన్ ఉండేది. బియ్యం ఏరటం, పిల్లలకు నూనె రాయటం, జడలు వేయటం అన్నీ అక్కడే. పరాయి కంట పడకుండానే ఆడవారికి ఎండ అందేది. అపార్ట్‌మెంట్లు వచ్చాక ఆంగన్ పోయింది, ఎండా పోయింది. కనుక ఇల్లు కట్టుకునేవారు డాబా చుట్టూ ఎత్తైన పిట్టగోడ కట్టించటం, ఉన్న డాబాలో తడికె కట్టి మరుగు కల్పించటం, అపార్ట్‌మెంటు సంఘాలు పైకప్పును వారంలో కొన్ని గంటలు స్త్రీలకే కేటాయించటం మంచి మార్గాలు. ఈ ఏర్పాటు చేయవలసిన బాధ్యత ఇంటి పురుషులది. ఏ మార్గమూ లేనప్పుడు వైద్యుల సలహాతో మందు వాడటమే సరైనది.

పసిపిల్లల విషయం మరీ ముఖ్యం. తల్లిపాలకు సాటి లేదు. కాని వాటిలో విటమిన్ డి తక్కువ. తల్లికే కొరత ఉంటే ఇంకా తక్కువ. అందుకే పుట్టినది మొదలు ఏడాది వరకు రోజుకు 400 యూనిట్ల చుక్కల మందు ఇవ్వాలని భారత శిశువైద్యుల అకాడమీ సిఫారసు చేస్తోంది.

మందు కూడా అమానతే

కొరత తేలినప్పుడు వైద్యులు సాధారణంగా 60,000 యూనిట్ల ప్యాకెట్టు లేదా గోళీని వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు వాడమంటారు. రోజుకు 600 చొప్పున లెక్కిస్తే ఆ ఒక్క ప్యాకెట్టు నూరు రోజుల అవసరం. వారానికొకటి అన్న మాట సరిగా వినక రోజుకొకటి వేసుకుంటే, లేదా చీటీ గడువు ముగిసినా నెలల తరబడి కొనసాగిస్తే, రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, చివరికి మూత్రపిండాలకు హాని కలుగుతాయి. ప్యాకెట్టు మీద వేసుకోవలసిన వారం పేరు రాసి పెట్టటం చిన్న పనే కాని పెద్ద రక్షణ.

దీనికి మరోవైపు కూడా చూడాలి. ఆరోగ్యంగా ఉన్నవారందరూ ఖరీదైన రక్తపరీక్షలు చేయించుకోనవసరం లేదని అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2024లో సూచించింది. అమెరికాలో 25 వేలకు పైగా పెద్దలపై జరిగిన 'వైటల్' అధ్యయనంలో, కొరత ఉన్నదీ లేనిదీ చూడకుండా అందరికీ ఇచ్చిన విటమిన్ డి వల్ల ఎముకలు విరగటం తగ్గలేదు. ఇది అవసరమైనవారికి ఔషధమే కాని, అందరికీ సంజీవని కాదు.

హలాల్ విషయంలోనూ సందేహాలు వస్తుంటాయి. మందుల్లోని డి3 ఎక్కువగా గొర్రె ఉన్ని నుంచి తీసిన కొవ్వుతో తయారవుతుంది. లైకెన్ల నుంచి తీసినదీ దొరుకుతోంది. సందేహమల్లా మెత్తటి గోళీల పై తొడుగుకు వాడే జెలటిన్ గురించే. ఆ సందేహంతో మందే మానేయనవసరం లేదు. పొడి ప్యాకెట్లు, మాత్రలు, చుక్కల రూపంలోనూ అదే మందు లభిస్తుంది. దుకాణదారుణ్ణి అడిగి తీసుకోవచ్చు. ధార్మిక నిర్ణయం కావాలంటే ఉలమాలను సంప్రదించాలి.

ఈ వారం ప్రతి కుటుంబమూ మూడు పనులు చేయాలని మా విన్నపం. పాల ప్యాకెట్టు మీద నీలి ముద్ర ఉందో లేదో చూడండి. జుహర్ వేళ డాబా మీద ఇంటి ఆడవారికి మరుగు ఉందో లేదో చూడండి. నెలల తరబడి నడుము నొప్పిని మౌనంగా భరిస్తున్న అమ్మీని, ఖాలాను ఒకసారి వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. ఇంటిల్లిపాదికీ వండి పెట్టిన ఆ చేతులు నేలకు ఆనకుండానే ఆమె సజ్దా నుంచి లేవగలిగిన రోజు, అది ఆమెకు మనం చేయగలిగిన సేవలలో ఒకటవుతుంది.