కూడా ఎవరొచ్చారు?

క్యాన్సరును తెలుగువారు పూర్వం రాచపుండు అన్నారు. పేరు మారినా అందులోని భయం పోలేదనడానికి, గోదావరి జిల్లాల ఇళ్ళలో నేటికీ వ్యాధి పేరెత్తకుండా ‘ఆ జబ్బు’ అని గొంతు తగ్గించి చెప్పుకోవడమే నిదర్శనం. పెద్దాపురంలో ఈ భయం కింద మరొక పాత పొర ఉంది. ఏటా ఆషాఢంలో 37 రోజుల జాతర అందుకొనే మరిడమ్మ తల్లి, కలరా, మశూచి వంటి మహమ్మారుల నుంచి ఊరిని కాచే గ్రామదేవతల కోవకు చెందినది. ఆ కాలంలో రోగిని వేరుగా ఉంచి, కంచమూ చెంబూ విడిగా పెట్టడం ఊరి ప్రాణాలు దక్కించుకోవడానికి అవసరమైన కట్టుబాటు. శరీరంలోని కణాలే అదుపు తప్పి పెరగడం వల్ల వచ్చే క్యాన్సరు మాత్రం ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్క మీద పడుకున్నా మరొకరికి అంటదు. అయినా ఆ కట్టుబాటు కొన్ని ఇళ్ళలో అలవాటుగా మిగిలిపోయి, కీమోథెరపీ, అంటే క్యాన్సరు కణాలను చంపే మందుల చికిత్స, మొదలైన నాటి నుంచే రోగికి విడి గ్లాసు ఏర్పాటవుతుంది. జుట్టు ఊడకముందే పంక్తి తప్పిపోతుంది.

రోగి మనసును కూడా చికిత్సలో భాగంగా చూడాలన్న ఆలోచన వైద్యరంగంలో ఆలస్యంగానే వచ్చింది. న్యూయార్క్‌లోని స్లోన్ కెట్టరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో 1977లో జిమ్మీ హాలండ్ అనే మనోవైద్యురాలు ఇందుకోసం ప్రత్యేక సేవను నెలకొల్పి, వైద్యంలో ఒక కొత్త శాఖకే దారి వేశారు. నొప్పి, ఆయాసం, దిగులు, కుటుంబపు ఆందోళనలను కలిపి చూసే ఉపశమన వైద్యాన్ని చివరి రోజులకు వాయిదా వేయకుండా మొదటి నుంచీ అందిస్తే ఏమవుతుందని బోస్టన్ వైద్యులు ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సరు ఉన్న 151 మందిపై పరిశీలించి, 2010లో ఫలితాలు ప్రకటించారు: ఆ సేవ అందినవారిలో దిగులు తగ్గింది, అందనివారి మధ్యస్థ జీవితకాలం 8.9 నెలలు కాగా, అందినవారిది 11.6 నెలలు.

అయితే పెద్దాపురం నుంచి చూస్తే ఆసరా అన్న మాటకు మొట్టమొదటి అర్థం ప్రయాణంలో తోడు. రేడియేషన్ చికిత్స తరచుగా వారానికి 5 రోజుల చొప్పున 5 నుంచి 7 వారాలు సాగుతుంది. టాటా మెమోరియల్ సెంటర్ ఆధ్వర్యంలో విశాఖపట్నం అగనంపూడిలో నడిచే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళేవారు సామర్లకోటలో రైలెక్కి దువ్వాడలో దిగాలి; కాకినాడకో రాజమహేంద్రవరానికో వెళ్ళేవారికి దూరం తక్కువే గాని, రోజూ వెళ్ళిరావడం అక్కడికీ భారమే. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం చికిత్స ఖర్చు భరించవచ్చు గాని, వెంట వచ్చిన కొడుకు పోగొట్టుకొన్న కూలిని భర్తీ చేయదు. అందుకే ఓపీ చీటీ దగ్గర వినిపించే ‘కూడా ఎవరొచ్చారు?’ అన్న ప్రశ్న చాలామందికి రోగనిర్ధారణ కంటే బరువైన ప్రశ్న. చికిత్సకు వెళ్ళే క్యాన్సరు రోగికి రైల్వే శాఖ స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో టిక్కెట్టు పూర్తిగా మినహాయిస్తుంది, తోడు వెళ్ళేవారికి 75 శాతం తగ్గిస్తుంది. ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం చూపాలి. ఈ సంగతి చాలామందికి చెప్పేది అప్పటికే నాలుగు వారాలుగా అక్కడుంటున్న మరో రోగి తాలూకు మనిషి. స్కాన్ ఫిల్ముల సంచి ఒళ్ళో పెట్టుకొని బల్ల మీద కూర్చున్న అటువంటి మనిషి చెప్పే నాలుగు మాటలకు సాటి రాగల ఉపదేశం అరుదు.

ఇంటికి వచ్చాక ఆసరా వంటింట్లోకి మారుతుంది. చుట్ట నిప్పును నోట్లోకి తిప్పి కాల్చే అడ్డపొగ కోస్తా ఆంధ్రలో చాలాకాలంగా ఉన్న అలవాటు. దానివల్ల అంగిలికి క్యాన్సరు వస్తుందని వైద్యులు ఏనాడో గుర్తించారు. నోటికి రేడియేషన్ తీసుకొన్న మనిషికి లోపలంతా పొక్కి, ఉమ్మి కూడా మింగుడు పడదు. ఆవకాయ లేని ముద్ద ఎరగని ఇంట్లో, ఆ మనిషి కోసం పెరుగన్నాన్ని మెత్తగా మెదిపి, చల్లార్చి, గంటగంటకూ రెండు చెంచాలు పెట్టడం, ఉప్పూ తినేసోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించడానికి అందించడం ఎంత ఓపికతో కూడిన పనో చేసినవారికే తెలుసు. పరామర్శకు వచ్చిన బంధువులు ‘ధైర్యంగా ఉండాలి’ అని చెప్పి వెళ్ళిపోతే ఆ ధైర్యం కూడా రోగే సమకూర్చుకోవలసిన మరో బాధ్యత అవుతుంది. ఒక పూట వంట చేసి పెట్టినవారు ఆ బరువులో కొంత తామెత్తుకొంటారు.

వ్యాధిని పేరు పెట్టి చెప్పగలిగే చోటే సాయం అడగడం సాధ్యమవుతుంది. 2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావు విలేకరులను పిలిచి తనకు క్యాన్సరు ఉందని స్వయంగా వెల్లడించి, 2014 జనవరి 22న కన్నుమూసే ముందు ‘మనం’ చిత్రంలో తన పాత్ర పూర్తి చేశారు. తొంభయ్యో ఏట ఆయన చేసిన ఆ ప్రకటన ఎన్నో ఇళ్ళలో ఆ మాటను గొంతు తగ్గించకుండా పలికించింది. 2025 మార్చిలో, బిక్కవోలు మండలం బలభద్రపురంలో క్యాన్సరు కేసులు ఎక్కువగా ఉన్నాయన్న విషయం శాసనసభ దాకా వెళ్ళి, వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగి పరీక్షలు జరిపాయి. అటువంటి ఊరికి బృందాలు వెళ్ళిపోయిన మరునాటి నుంచీ కావలసినది, అనుమానం తేలినవారిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసుకుపోయే ఆశా కార్యకర్త లాంటి తెలిసిన ముఖం.

నొప్పి విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. నల్లమందు నుంచి తయారయ్యే మార్ఫిన్ తీవ్రమైన క్యాన్సరు నొప్పికి ప్రధానమైన మందు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద పలు లైసెన్సులు కావలసి రావడంతో చాలా ఆసుపత్రులు దాన్ని ఉంచడమే మానుకొన్నాయి. 2014 సవరణ గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు ఆ చిక్కు తగ్గించింది గాని, అలవాటైపోతుందన్న భయంతో మాత్ర దాచిపెట్టి నొప్పి ఓర్చుకొనేవారు ఇంకా ఉన్నారు. వైద్యుని పర్యవేక్షణలో నొప్పికి తగిన మోతాదులో వాడినప్పుడు అది వ్యసనంగా మారడం అరుదు. మామూలు మార్ఫిన్ మాత్రను నొప్పి వచ్చాక కాకుండా, గడియారం చూసి 4 గంటలకొకసారి, మలబద్ధకం రాకుండా మరో మందుతో కలిపి ఇస్తారు. పడుకొనే ముందు వైద్యుడు రెట్టింపు మోతాదు రాసినప్పుడు అర్ధరాత్రి మాత్ర కోసం లేవనక్కరలేదు, రోగితోపాటు ఇల్లంతా తెల్లవారేదాకా నిద్రపోతుంది.