రాక్ ఫాస్ఫేట్‌లో రేర్ ఎర్త్‌లు: అపోహలు – వాస్తవాలు

అపోహ: రేర్ ఎర్త్ మూలకాలు మన దగ్గర దొరికేది భీమిలి లాంటి తీరాల ఇసుకలోనే.

వాస్తవం: ఇసుకలోని మోనజైట్‌లో ఇవి పుష్కలంగా ఉన్న మాట నిజమే. కాకపోతే వాటిలో చాలావరకు సీరియం, లాంథనం వంటి తేలిక రకాలు. పైగా థోరియం తోడుంటుంది. డీఏపీ ఎరువు కోసం మనం జోర్డాన్, మొరాకోల నుంచి తెప్పించుకునే రాక్ ఫాస్ఫేట్‌లోనూ ఇవి ఉంటాయి. యిట్రియం, డిస్ప్రోసియం వంటి బరువైన రకాల వాటా అందులో మోనజైట్ కన్నా మెరుగు.

అపోహ: ఫాస్ఫేట్ రాయంటే చేపల ఎముకల కుప్ప. చేపలు తిన్న తిండితోనే ఈ మూలకాలు అందులో చేరాయి.

వాస్తవం: ఉదయపూర్ దగ్గరి ఝామర్‌కోట్రా గనిలో ఈ మాట నిలవదు. అక్కడి ఫాస్ఫేట్ సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన స్ట్రోమటోలైట్లలో ఉంది. చేపలు పుట్టడానికి వంద కోట్ల ఏళ్లకు పైగా ముందటిది అది. చేపల ఎముకలున్న చోట కూడా తిండికి సంబంధం లేదు. బతికున్న చేప ఎముకలో ఈ మూలకాలు ఉన్నాయా అన్నంత తక్కువ. చేప చచ్చి సముద్రం అడుగుకు చేరాకే ఎముకలోని అపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం చుట్టూ ఉన్న నీటి నుంచి వీటిని లాక్కుంటుంది. అయాన్ల పరిమాణం దగ్గరదగ్గరగా ఉండటంతో కాల్షియం ఉండాల్సిన చోట ఇవి కుదురుకుంటాయి. ఒక్క సీరియం మాత్రం వెనకబడుతుంది. ఆక్సిజన్ ఉన్న నీటిలో అది ఆక్సీకరణం చెంది ముందే విడిపోతుంది. రాతిలో సీరియం లోటును బట్టి ఆనాటి సముద్రంలో ఆక్సిజన్ ఉందో లేదో శాస్త్రవేత్తలు అంచనా కడతారు. నన్నడిగితే, ఈ రాళ్ల కథలో ధరల కన్నా ఆసక్తికరమైన సంగతి ఇదే.

అపోహ: టన్నుకు కొన్ని వందల గ్రాములేగా, గిట్టదు.

వాస్తవం: బరువైన రకాలకు పేరుపడ్డ దక్షిణ చైనా బంకమట్టి గనుల్లోనూ ఉన్నది టన్నుకు సుమారు 500 నుంచి 2,000 గ్రాములే. ఎంత ఉందన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఎంత సులువుగా కరుగుతుందో కూడా చూడాలి. అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తల 2015 నాటి పరిశోధనలో, పలచటి యాసిడ్‌తోనే కొన్ని ఫాస్ఫేట్ రాళ్లలోని రేర్ ఎర్త్‌లు దాదాపు మొత్తం బయటికి వచ్చాయి. పైగా ఎరువుల కోసం ప్రపంచం ఏటా 20 కోట్ల టన్నులకు పైగా ఈ రాయిని ఎలాగూ తవ్వుతోంది. రాళ్లన్నీ ఒకటి కావు, అది నిజం. ఏ కాలపు సముద్రంలో ఏర్పడ్డదన్న దాన్ని బట్టి మోతాదు చాలా మారుతుంది.

అపోహ: అయితే ఎరువుల ఫ్యాక్టరీల జిప్సం గుట్టలన్నీ నిధులే.

వాస్తవం: రాతిని సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కరిగిస్తే ఫాస్ఫారిక్ యాసిడ్‌తో పాటు, దానిలోని ప్రతి టన్ను ఫాస్ఫరస్ పెంటాక్సైడ్‌కు సుమారు 5 టన్నుల ఫాస్ఫోజిప్సం మిగులుతుంది. రేర్ ఎర్త్‌లలో ఎక్కువ పాలు అందులోకే పోతుంది. విశాఖలో పేరుకున్న గుట్టలూ ఈ రకమే. కానీ రాతిలో సులువుగా కరిగినవి జిప్సం స్ఫటికాల్లో చిక్కుకున్నాక అంత తేలిగ్గా రావు. కడగడానికి బోలెడు యాసిడ్ కావాలి, రేడియం బెడద అదనం. నైట్రిక్ యాసిడ్ పద్ధతిలో జిప్సం ఏర్పడదు, మూలకాలు ద్రావణంలోనే ఉండిపోతాయి. అయితే ప్రపంచంలో అత్యధిక ఫ్యాక్టరీలు నడుస్తున్నది సల్ఫ్యూరిక్ యాసిడ్ మీదే.