ఆట కొన్నారా, అద్దెకు తెచ్చుకున్నారా?

కోల్‌కతాకు తూర్పున, ఒకప్పటి ఉప్పునీటి చిత్తడినేల మీద లేచిన పేట సాల్ట్ లేక్. అక్కడి వివేకానంద యువభారతి క్రీడాంగణం గురించి ఫుట్‌బాల్ అభిమానులకు వేరే చెప్పనక్కరలేదు. 1984లో ప్రారంభమైన ఆ స్టేడియంలోనే 2017 అక్టోబరు 28న 17 ఏళ్లలోపు వారి ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. 66 వేల మందికి పైగా చూస్తుండగా ఇంగ్లండ్ 5-2 గోల్స్ తేడాతో స్పెయిన్‌ను ఓడించింది. ఇక మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లు తలపడే రోజున ఆ స్టేడియానికి వెళ్లే దారుల్లో కాలు పెట్టడానికి చోటుండదు.

ఈ రెండు జట్లూ 2021లో ఒక కంప్యూటర్ ఆటలోకి కూడా ఎక్కాయి. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే అమెరికన్ కంపెనీ 1993 నుంచి ‘ఫిఫా’ పేరుతో ఫుట్‌బాల్ ఆటలు తయారు చేస్తూ వచ్చింది. ఆ వరుసలో 2021 అక్టోబరులో వచ్చిన ‘ఫిఫా 22’లో మన ఇండియన్ సూపర్ లీగ్‌ను చేర్చారు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్‌తో పాటు హైదరాబాద్ జట్టు కూడా అందులో ఉంది. ఆ సీజన్‌లో, అంటే 2022 మార్చిలో, నిజం మైదానంలో కప్పు గెలిచింది హైదరాబాద్ జట్టే! మన నగరం పేరున్న చొక్కా తొడుక్కున్న ఆటగాళ్లను తెరమీద పరిగెత్తించడం అప్పటి కుర్రాళ్లకు ఎంత సరదాగా ఉండేదో ఊహించుకోండి.

ఇప్పుడా ఆట కొందామని ఏ ఆన్‌లైన్ దుకాణంలో వెతికినా మీకు దొరకదు. 2023 సెప్టెంబరులో ‘ఫిఫా’ పేరున్న పాత ఆటలను ఆన్‌లైన్ దుకాణాల నుంచి తీసేశారు. ఆటలో లోపమేమీ లేదు. ఫిఫా అనే పేరును వాడుకోవడానికి కంపెనీకీ, ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్యకూ మధ్య ఉన్న ఒప్పందం ముగిసిపోయింది. కొత్త ఒప్పందం కుదరలేదని 2022 మేలోనే ప్రకటించారు. ఆ తర్వాతి ఆటలు వేరే పేరుతో వస్తున్నాయి. ముందే కొన్నవారు తమ ఖాతాలోంచి దించుకోవచ్చు. కొననివారికి మాత్రం తలుపు మూసుకుపోయింది. విచిత్రమేమిటంటే, ఆ మూడు జట్లకూ అప్పుడున్న పేర్లు ఇప్పుడు లేవు. కోల్‌కతా జట్లు రెండూ పేర్లు సవరించుకున్నాయి. హైదరాబాద్ జట్టయితే 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరే మార్చేసుకుంది. ఆ ఏటి జట్లన్నీ ఆనాటి పేర్లతో, ఆనాటి చొక్కాలతో కనిపించే ఒక రికార్డు అంగట్లో లేకుండా పోయిందన్నమాట.

999 ఏళ్ల లీజు

‘కొనండి’ అనే బొత్తాన్ని నొక్కినప్పుడు ఇంతకీ మన చేతికి వచ్చేదేమిటి? దీనికి సాల్ట్ లేక్‌లోనే చక్కని ఉదాహరణ ఉంది. 1962లో అక్కడ చిత్తడిని పూడ్చే పని మొదలైంది. హుగ్లీ నదిలోంచి తోడిన ఒండ్రును గొట్టాల ద్వారా తెచ్చి నింపారు. యుగోస్లావియాకు చెందిన దోబ్రివోయె తోష్కోవిచ్ అనే వాస్తుశిల్పి ఆ పేటకు నమూనా గీశారు. అలా తయారైన ఇళ్లస్థలాలను ప్రభుత్వం అమ్మలేదు. 999 ఏళ్ల లీజుకు ఇచ్చింది. 999 ఏళ్లంటే మాటలా! ముప్పై తరాలకు పైనే. అయినా అది లీజే. ఇల్లు కట్టుకున్నవారు అందులో హాయిగా ఉండవచ్చు, పిల్లలకు వారసత్వంగా ఇవ్వవచ్చు. తమ ఇష్టం వచ్చిన బయటివాళ్లకు అమ్ముకోవడానికి మాత్రం చాలాకాలం వీల్లేకపోయింది. నేల ఎవరిదో, షరతులూ వాళ్లవే.

ఆన్‌లైన్ దుకాణంలో కొన్న ఆట కూడా ఇంతే. ఒక తేడా ఏమిటంటే, సాల్ట్ లేక్ లీజుకు గడువైనా రాసి ఉంది. ఆట లీజుకు అదీ ఉండదు. 2003లో మొదలైన ‘స్టీమ్’ అనే దుకాణం ఒప్పందపత్రాన్ని మీరు ఓపిగ్గా చదివితే, ఆటలకు లైసెన్సు ఇస్తున్నామే తప్ప అమ్మడం లేదని అందులో రాసి ఉంటుంది. ఆ మాటను డబ్బు కట్టే పేజీలోనే కనబడేలా పెట్టింది మాత్రం 2024 అక్టోబరులో. దానికీ కారణముంది. అంతకుముందు నెలలోనే అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. అది 2025 జనవరి 1న అమలులోకి వచ్చింది. ఇచ్చేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అనే మాట వాడకూడదని దాని సారాంశం.

ఆ చట్టంలో ఒక మినహాయింపు ఉంది. నెట్‌తో పని లేకుండా శాశ్వతంగా వాడుకునేలా ఆటను దించుకోనిచ్చే దుకాణాలకు ఆ నిబంధన వర్తించదు. లీజుకూ సొంతానికీ మధ్య గీత ఎక్కడుందో శాసనసభ్యులు బాగానే పట్టుకున్నారు. ఆ గీత కాగితం మీద లేదు, ఆట తెరుచుకునే విధానంలో ఉంది. అదెలాగో చూద్దాం.

తాళం ఎక్కడ, చెవి ఎక్కడ?

మీ కంప్యూటర్‌లోకి ఒక ఆట దిగిందనుకోండి. 50 గిగాబైట్ల ఆట అంటే పాతకాలపు కాంపాక్ట్ డిస్కులు సుమారు డెబ్బై అవసరమయ్యేంత సమాచారం. ఇదంతా మీ హార్డ్ డిస్కు మీదే ఉంది. అలాగని ఆట మీదైపోయిందా? కాలేదు. ఆటలోని ముఖ్యభాగాన్ని తరచుగా రహస్యలిపిలోకి మార్చి పంపుతారు. దాన్ని విప్పాలంటే ఒక సంఖ్య కావాలి. అదే తాళంచెవి. ఆ చెవి దుకాణంవారి సర్వర్ నుంచి రావాలి.

సర్వర్ ఊరికే చెవి ఇవ్వదు. ఫలానా ఖాతాదారు, ఫలానా యంత్రం, ఫలానా ఆట, ఫలానా తేదీ వరకు అని రాసిన ఒక అనుమతి చీటీని కూడా పంపుతుంది. ఆ చీటీలో తేదీని మీరే దిద్దుకుంటే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. అలా కుదరకుండా చేసేదే డిజిటల్ సంతకం. దుకాణం దగ్గర జంట సంఖ్యలుంటాయి. ఒకటి రహస్యం, రెండోది బహిరంగం. చీటీలోని అక్షరాలన్నిటినీ కలిపి ఒక గణితప్రక్రియలో వేస్తే నిర్ణీత పొడవున్న ఒక సంఖ్య వస్తుంది. దీన్ని చీటీ వేలిముద్ర అనుకోండి. ఆ వేలిముద్ర మీద దుకాణం తన రహస్య సంఖ్యతో సంతకం చేస్తుంది. మీ కంప్యూటర్‌లోని ప్రోగ్రాం బహిరంగ సంఖ్యతో ఆ సంతకాన్ని సరిచూస్తుంది. చీటీలో ఒక్క అక్షరం మార్చినా వేలిముద్ర పూర్తిగా మారిపోతుంది, సంతకం పొసగదు. కొత్త సంతకం పెట్టాలంటే రహస్య సంఖ్య కావాలి. అది దుకాణం గడప దాటి రాదు.

బ్యాంకు లావాదేవీలను కాపాడేదీ ఈ గణితమే, కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. మన ప్రశ్న వేరే: సంతకం పెట్టేవాడే లేకపోతే ఏమిటి గతి?

జవాబు ఆటను బట్టి మారుతుంది. కొన్ని ఆటలు మొదటిసారి తెరిచినప్పుడు చీటీ అడిగి ఊరుకుంటాయి. కొన్ని అప్పుడప్పుడు కొత్త చీటీ తెచ్చుకుంటాయి. కొన్నింటికి ప్రతిసారీ కావాలి. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది ఇంకో రకం. వాటిలో ఆటలోని ప్రపంచమే సగం సర్వర్ మీద నడుస్తుంది. మీ ఎదురుగా వచ్చే కారు ఎక్కడుందో లెక్కగట్టేది, మీరు ఎంతవరకు ఆడారో గుర్తుపెట్టుకునేది మీ యంత్రం కాదు, దూరాన ఉన్న సర్వర్.

యూబీసాఫ్ట్ అనే ఫ్రెంచి కంపెనీ 2014 డిసెంబరులో విడుదల చేసిన ‘ద క్రూ’ అనే కారు పందేల ఆట ఇలాంటిదే. ఒక్కరే కూర్చుని ఆడుకున్నా దానికి నెట్ ఉండాల్సిందే. 2024 మార్చి 31న కంపెనీ సర్వర్లను ఆపేసింది. ఆ తరువాత కొన్నవారి ఖాతాల్లోంచి లైసెన్సును కూడా తీసేసింది. అంగట్లో డిస్కు కొని అట్టపెట్టెతో సహా దాచుకున్నవారి మాటేమిటి? వాళ్ల చేతిలో మిగిలింది మెరిసే బిళ్ల మాత్రమే. ‘డిస్కు ఉంటే చాలు, ఆట మనదే’ అనే ధీమా ఆ రోజుతో పోయింది. దీని మీద రాస్ స్కాట్ అనే ఆయన మొదలుపెట్టిన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం యూరప్‌లో పెద్ద కదలికే తెచ్చింది. సర్వర్లు ఎల్లకాలం నడపమని వారు అడగడం లేదు. ఆపేటప్పుడు ఆట ఏదోవిధంగా పనిచేసే స్థితిలో వదిలి వెళ్లమంటున్నారు. ఇది న్యాయమైన కోరికే అని నాకనిపిస్తుంది.

దుకాణం మూతపడటం, సర్వర్ ఆగిపోవడం రెండూ ఒకటి కాదని మన దేశంలోనూ తెలిసొచ్చింది. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం 118 ఫోన్ అప్లికేషన్లను నిషేధించింది. పబ్‌జీ మొబైల్ అందులో ఒకటి. వెంటనే అది దుకాణాల్లోంచి మాయమైంది, కానీ ఫోన్‌లో ముందే ఉన్నవారు ఇంకొన్ని వారాలు ఆడుతూనే ఉన్నారు. అక్టోబరు 30న కంపెనీ సర్వర్ సేవలు ఆపేశాక అందరికీ ఒకేసారి ఆట కట్టింది. ఆ నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. డబ్బు పెట్టి తుపాకులకు రంగులు కొనుక్కున్న పిల్లలకు ఆ రంగులు ఎక్కడుండేవో అప్పుడే అర్థమైంది.

ఆంధ్రప్రదేశ్ అడిగిన పన్ను

సాఫ్ట్‌వేర్ అనేది సరుకా, అనుమతా అన్న ప్రశ్న మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిందని మీలో చాలామందికి తెలిసి ఉండదు. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ అమ్మిన రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌పై ఆంధ్రప్రదేశ్ అధికారులు అమ్మకపు పన్ను వేశారు. సాఫ్ట్‌వేర్ అంటే మేధస్సు, చేతికి తగిలే వస్తువు కాదు, కాబట్టి పన్ను చెల్లదని కంపెనీ వాదించింది. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2004 నవంబరు 5న రాష్ట్రానికి అనుకూలంగా తీర్పునిచ్చింది. పుస్తకంలోని భావం చేతికి తగలదు, కానీ అచ్చయి అట్ట వేసుకుంటే అది సరుకే. డిస్కు మీదికెక్కిన సాఫ్ట్‌వేర్ కూడా అంతే. ఉపయోగం ఉండాలి, కొనడానికీ అమ్మడానికీ వీలవాలి, ఒకరి నుంచి మరొకరికి అందించడానికీ దాచుకోవడానికీ వీలవాలి. ఈ గుణాలుంటే అది సరుకని కోర్టు కొలత పెట్టింది.

అది పన్ను తగాదా, ఆటల ఖాతాలకు నేరుగా అతకదు. కానీ ఆ కొలతను ఇవాళ్టి ఆటకు పెట్టి చూడండి. ఉపయోగం ఉంది. కొన్నాం. దాచుకున్నాం కూడా. ఇంకొకరికి అమ్మబోతే మాత్రం ఖాతా ఒప్పుకోదు. మీ అన్న చదివిన ఫిజిక్స్ పుస్తకాన్ని మీరు సగం ధరకు పక్కింటి అబ్బాయికి అమ్మగలరు. అన్న కొన్న ఆటను అమ్మలేరు.

చేతనైనంతలో కొన్ని జాగ్రత్తలు తీసుకోవచ్చు. కొనేముందు, నెట్ లేకుండా ఆట నడుస్తుందో లేదో చూడండి. ఇన్‌స్టాల్ చేశాక ఒకసారి నెట్ ఆపి ఆడి చూడటం అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష. ‘జీవోజీ’ వంటి కొన్ని దుకాణాలు ఏ చీటీతోనూ పని లేని ఇన్‌స్టాల్ ఫైళ్లనే ఇస్తాయి. వాటిని బయటి డిస్కు మీదికి ఎక్కించి దాచుకోవచ్చు. ఒకటి కాదు, రెండు చోట్ల దాచండి. డిస్కులు చెప్పి చావవు. మన 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, న్యాయబద్ధంగా తన దగ్గరున్న ప్రోగ్రాంకు పాడైపోకుండా రక్షణగా నకలు తీసుకోవడాన్ని అనుమతిస్తోంది. తాళం బద్దలుకొట్టడం వేరే సంగతి. ఇతరుల హక్కులను దోచే ఉద్దేశంతో ఆ పని చేస్తే 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

ఒక్కొక్కరు దాచుకున్నది ఒక్కొక్కరితోనే పోతుంది. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, ఆ దేశంలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అంగట్లో దొరకవు. పుస్తకాలకు ఈ గతి పట్టకుండా మన దేశంలో 1954లోనే ఒక చట్టం చేశారు. విజయవాడలో అచ్చయిన ఒక చిన్న కథల పుస్తకమైనా సరే, దాని ప్రతిని ప్రచురణకర్త 30 రోజుల్లోగా తన ఖర్చులతో జాతీయ గ్రంథాలయానికి పంపాలి. ఆ గ్రంథాలయం ఉన్నది కోల్‌కతాలోనే, సాల్ట్ లేక్ నుంచి నగరం దాటి వెళితే వచ్చే అలీపూర్‌లో. పుస్తకాలు, పత్రికలు, పటాలు, సంగీతపు స్వరపత్రాలు కూడా ఆ చట్టం లెక్కలోకి వస్తాయి. కంప్యూటర్ ఆట రాదు.