మత్తు కలిగించని గంజాయి రసాయనాలు

గంజాయి కన్నబేసీ కుటుంబమునకు చెందిన మొక్క. దీని శాస్త్రీయ నామము కన్నాబిస్ సటైవా. ఈ మొక్కలో తయారయ్యే ప్రత్యేక రసాయనాలను కన్నబినాయిడ్లు అంటారు. ఇప్పటి వరకు ఇటువంటివి నూటికి పైగా గుర్తించబడినవి. వీటిలో మత్తుకు ప్రధాన కారణము టెట్రాహైడ్రోకన్నబినాల్. దీనిని సంక్షిప్తముగా టి.హెచ్.సి. అంటారు. కన్నబిడియోల్ (సి.బి.డి.), కన్నబిజెరోల్ (సి.బి.జి.), కన్నబిక్రోమీన్ (సి.బి.సి.) మొదలైనవి మత్తు కలిగించవు. అయితే మత్తు లేకపోవడము, హాని లేకపోవడము, చట్టము అనుమతించడము అనేవి మూడు వేర్వేరు విషయాలు. ఈ మూడింటిని ఒకటిగా భావించడము వలన వినియోగదారులు, ముఖ్యముగా రోగులు, నష్టపోయే అవకాశము ఉన్నది.

పేర్లలో తికమక

టి.హెచ్.సి. చాలా తక్కువగా ఉండి, నార కొరకు లేదా గింజల కొరకు పెంచే గంజాయి రకాలను హెంప్ అంటారు. తెలుగునాట పచ్చిరొట్ట ఎరువుగా వేసే జనుమును ఆంగ్లములో సన్ హెంప్ అని, నారనిచ్చే గోగును దక్కన్ హెంప్ అని పిలుస్తారు. జనుము చిక్కుడు కుటుంబమునకు, గోగు మందార కుటుంబమునకు చెందినవి. గోగు ఆకులు గంజాయి ఆకులను పోలి ఉండుట వలన దాని శాస్త్రీయ నామములో కన్నాబినస్ అనే పదము చేరినది. ఈ రెండు పైరులకు గంజాయితో సంబంధము లేదు.

మత్తు కలిగే విధానము

మెదడులోని నాడీకణాలపై సి.బి.1 అనే గ్రాహకాలు ఉంటాయి. టి.హెచ్.సి. వీటికి అతుక్కొని వాటిని ప్రేరేపించుట వలన మత్తు కలుగుతుంది. సి.బి.డి. ఈ గ్రాహకాలను ఆ విధముగా ప్రేరేపించదు. అందువలన దానితో మత్తు రాదు.

పచ్చి మొక్కలో ఈ రసాయనాలు ఎక్కువగా ఆమ్ల రూపములో ఉంటాయి. టి.హెచ్.సి. యొక్క ఆమ్ల రూపము మత్తు కలిగించదు. కాని వేడి తగిలినపుడు అది బొగ్గుపులుసు వాయువును కోల్పోయి టి.హెచ్.సి.గా మారుతుంది. కాబట్టి పచ్చి ఆకులో మత్తు తక్కువ అనే మాట వండిన లేదా కాల్చిన ఆకుకు వర్తించదు.

ముఖ్యమైన రసాయనాల పోలిక

- సి.బి.డి.: దీనిని 1940లో అమెరికా శాస్త్రవేత్త రోజర్ ఆడమ్స్ బృందము వేరు చేసినది. దీని నిర్మాణమును 1963లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రఫాయెల్ మెషూలమ్ బృందము నిర్ధారించినది. నిద్రలేమి, ఆందోళన, నొప్పుల కొరకు దీనిని నూనెగాను, మాత్రలుగాను, లేపనాలుగాను అమ్ముతారు. కొన్ని రకాల మూర్ఛ వ్యాధులలో మాత్రమే దీని ప్రయోజనమునకు బలమైన ఆధారాలు ఉన్నవి.
- సి.బి.జి.: దీని ఆమ్ల రూపము నుండే మొక్కలో టి.హెచ్.సి., సి.బి.డి., సి.బి.సి.ల ఆమ్ల రూపాలు తయారవుతాయి. అందువలన దీనిని తల్లి రసాయనముగా వర్ణిస్తారు. ముదిరిన మొక్కలో ఇది కొద్దిగానే మిగులుతుంది. మనుషులపై జరిగిన పరీక్షలు చాలా తక్కువ.
- సి.బి.సి.: చర్మ సంబంధ సరుకులలో కనిపిస్తుంది. దీనిపై పరిశోధన ఎక్కువగా ప్రయోగశాలలకే పరిమితము.
- సి.బి.ఎన్.: టి.హెచ్.సి. గాలి, వెలుతురు తగిలి పాతబడినపుడు కన్నబినాల్ అనే ఈ రసాయనము ఏర్పడుతుంది. దీనికి స్వల్పముగా మత్తు గుణము ఉన్నది గనుక దీనిని మత్తు లేని వాటిలో చేర్చడము పూర్తిగా సరి కాదు. నిద్ర కొరకు అమ్ముతున్నా అందుకు ఆధారాలు బలహీనమైనవి.

గింజల నూనె, సి.బి.డి. నూనె

వినియోగదారులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. గంజాయి గింజలలో కన్నబినాయిడ్లు తయారుకావు. పూత భాగములోని జిగురు అంటుకొనుట వలన లేశమాత్రముగా ఉండవచ్చును. గింజలలో సుమారు 25 శాతము మాంసకృత్తులు, 30 శాతమునకు పైగా నూనె ఉంటాయి. ఇది పోషకాహారమే గాని మందు కాదు. సి.బి.డి. నూనెను పూత నుండి గాని ఆకు నుండి గాని తీసిన సారముతో తయారు చేస్తారు.

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2021 నవంబరులో గంజాయి గింజలను, గింజల నూనెను, పిండిని ఆహారముగా అనుమతించినది. గింజలలో టి.హెచ్.సి. కిలోకు 5 మిల్లీగ్రాములు, నూనెలో 10 మిల్లీగ్రాములు మించరాదు. గింజలతో చేసిన ఆహారములో సి.బి.డి. కిలోకు 75 మిల్లీగ్రాములు మించరాదు. మూర్ఛకు వైద్యులు ఇచ్చే మోతాదు శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 10 మిల్లీగ్రాములు అనుకొంటే, 20 కిలోల బరువున్న బిడ్డకు 200 మిల్లీగ్రాములు కావలెను. గరిష్ఠ పరిమితి మేరకు సి.బి.డి. ఉన్న గింజల ఆహారము నుండి ఇది పొందాలంటే రోజుకు రెండున్నర కిలోలకు పైగా తినవలసి ఉంటుంది. గింజల నూనె మూర్ఛ మందుకు బదులు కాజాలదని ఈ లెక్క తెలుపుతున్నది.

వైద్యములో వాడుక, దుష్ఫలితాలు

శుద్ధి చేసిన సి.బి.డి.తో తయారైన ఎపిడియోలెక్స్ అనే మందును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 జూన్‌లో ఆమోదించినది. ఇది లెనాక్స్-గాస్టో, డ్రావే అనే రెండు తీవ్రమైన మూర్ఛ వ్యాధులకు ఉద్దేశించినది. 2020లో ట్యూబరస్ స్క్లెరోసిస్ వలన వచ్చే మూర్ఛలకు కూడా అనుమతి లభించినది.

ఈ మందు వలన నిద్రమత్తు, విరేచనాలు, ఆకలి మందగించడము, కాలేయ ఎంజైములు పెరగడము సంభవించవచ్చును. వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందుతో కలిపి వాడినపుడు కాలేయమునకు ముప్పు ఎక్కువ. క్లోబజామ్‌తో కలిపినపుడు నిద్రమత్తు పెరుగుతుంది. రక్తము గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ ప్రభావమును కూడా సి.బి.డి. పెంచగలదు.

సరుకు నాణ్యత మరొక సమస్య. అమెరికాలో ఆన్‌లైన్‌లో అమ్మిన 84 సి.బి.డి. సరుకులను పరీక్షించిన అధ్యయనము 2017లో వెలువడినది. వాటిలో సుమారు 31 శాతము మాత్రమే సీసాపై వ్రాసిన మోతాదుకు సరిపోయినవి. 18 సరుకులలో టి.హెచ్.సి. కనిపించినది. క్రీడాకారులకు ఇది ముఖ్యము. ప్రపంచ మాదకద్రవ్య నిరోధక సంస్థ, అనగా వాడా, 2018 నుండి సి.బి.డి.ని నిషిద్ధ జాబితా నుండి తొలగించినది గాని, మిగిలిన కన్నబినాయిడ్లు పోటీల సమయములో నిషిద్ధములే.

చట్టము

భారతదేశములో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టము ప్రకారము గంజాయి అంటే మొక్క యొక్క పూత లేదా కాయ కాచిన కొనలు. కొనలతో కలిసి లేనపుడు గింజలు, ఆకులు ఈ నిర్వచనములోనికి రావు. ఆయుర్వేదములో విజయ అనే పేరుతో ఆకును వాడుటకు, ఆకు సారముతో మందులు తయారు చేయుటకు ఇదే ఆధారము. అయితే భంగును ఔషధ నిబంధనలు విషపదార్థాల జాబితాలో చేర్చినవి. కావున అటువంటి మందులపై వైద్య పర్యవేక్షణలో వాడవలెనను హెచ్చరిక ఉండవలెను. మూర్ఛ, క్యాన్సరు, మధుమేహములను నయము చేయగలమని ప్రకటించడమును 1954 నాటి చట్టము నిషేధించినది.

నార లేదా గింజల కొరకు సాగు చేయుటకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఉత్తరాఖండ్ 2018లో ఇటువంటి సాగుకు అనుమతినిచ్చినది. అనుమతి లేని సాగుకు పదేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. మొక్కలో ఏ రసాయనము ఎక్కువ ఉన్నదనే వాదన ఈ శిక్షను తప్పించదు.

ఆంధ్ర ప్రదేశ్‌లో

రాష్ట్రములో గంజాయి ప్రధానముగా విశాఖ మన్యములో అక్రమముగా సాగైనది. అక్కడి శీలావతి రకము మత్తు కొరకు పేరుపడినది. 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేలాది ఎకరాల తోటలను నాశనము చేసినారు. పట్టుబడిన సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపములోని కోడూరు వద్ద తగులబెట్టినారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వము ఈగల్ అనే ప్రత్యేక దళమును ఏర్పాటు చేసి, సమాచారము కొరకు 1972 అనే ఉచిత ఫోను సంఖ్యను ఇచ్చినది.

మన్యమునకు దూరముగా ఉన్న గిద్దలూరు, మార్కాపురము వంటి పట్టణాలకు కూడా ఆన్‌లైన్ అమ్మకాల ద్వారా గింజల నూనె, ఆకు సారము చేరగలవు. ఆహార సరుకుపై ఆహార భద్రత సంస్థ లైసెన్సు సంఖ్య, ఆయుర్వేద మందుపై తయారీ లైసెన్సు సంఖ్య ఉండవలెను. ఆహార సరుకు పొట్లముపై గంజాయి ఆకు బొమ్మ ముద్రించడము నిబంధనలకు విరుద్ధము. మూర్ఛకు వాడుతున్న మాత్రలను వైద్యుని సలహా లేకుండా ఆపి వీటిని మొదలుపెట్టడము ప్రాణాపాయమునకు దారితీయవచ్చును.