ఎండ్రకాయల బుట్ట కథ, పోచారం కాలువ కథ

"మనోళ్లు బాగుపడరు. ఒకడు పైకెక్కుతుంటే పదిమంది కాళ్లు పట్టి గుంజుతరు." ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట వైపు ఏ చాయ్ హోటల్ ముందు కూర్చున్నా ఈ మాట చెవిన పడుతుంది. ఆ వెంటనే మూత అక్కర్లేని ఎండ్రకాయల బుట్ట కథ వస్తుంది. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. ఆగిపోయిన రోడ్డును, మూతపడ్డ సంఘాన్ని చూసి విసిగినవాళ్లు. కానీ వాళ్ల కోపం తగలాల్సిన చోట తగలడం లేదు.

అపోహ: ఓర్వలేనితనం మన రక్తంలోనే ఉంది.

వాస్తవం: ఇదే ఎండ్రకాయల కథను ఫిలిప్పీన్స్‌వాళ్లు తమ మీద తామే చెప్పుకుంటారు. బంగ్లాదేశ్‌లో దాన్ని నరకానికి మార్చారు: అక్కడ బెంగాలీలను కాచే కాగుకు కాపలా అక్కర్లేదట, ఒకడు పైకొస్తే మిగతావాళ్లే లోపలికి లాగేస్తారట. అదే బంగ్లాదేశ్‌లో 1972లో ఫజ్లే హసన్ అబేద్ మొదలుపెట్టిన బ్రాక్ సంస్థ, 1980ల్లో ఊరూరా ఇల్లిల్లూ తిరిగి తల్లులకు ఒక పని నేర్పింది. అర్ధసేరు నీళ్లలో మూడువేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం కలిపి, విరేచనాలతో సోలిపోయే బిడ్డకు తాగించడం. పదేళ్లలో కోటికి పైగా ఇళ్లకు ఆ పాఠం చేరింది. రక్తమే అడ్డమైతే ఆ పని మొదటి ఊళ్లోనే ఆగిపోయేది. ఓర్వలేనితనం మనుషులున్న ప్రతిచోటా ఉంటుంది. దానికి జాతి లేదు.

అపోహ: నీళ్ల దగ్గర అన్నదమ్ములే కలవరు, ఊళ్లేం కలుస్తాయి?

వాస్తవం: దీనికి పోచారమే జవాబు. ఆలేరు వాగు మీద నిజాం కాలంలో కట్టడం మొదలై 1922లో పూర్తయిన ఈ ప్రాజెక్టు కింద నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల్లో పదివేల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. వానకాలం పంటకు ఇబ్బంది తక్కువ. యాసంగికొచ్చేసరికి ఉన్న నీళ్లు అందరికీ చాలవు. అందుకే ఆయకట్టును ఏ జోన్, బీ జోన్ అని విడదీశారు. ఒక యాసంగి వీళ్లకు, మరో యాసంగి వాళ్లకు నీళ్లు.

పక్క జోన్‌లో నాట్లు పడుతుంటే, తన మడి బీడు పెట్టుకుని కూర్చోవడం రైతుకు చిన్న సంగతి కాదు. తెచ్చిన అప్పుకు ఆ ఏడాదీ మిత్తి పెరుగుతూనే ఉంటుంది. పశువుల గడ్డికి వేరే దారి వెతుక్కోవాలి. అయినా ఓపిక పడతాడు, వచ్చే యాసంగి తన వంతని తెలుసు కాబట్టి. ఇందులో త్యాగమేమీ లేదు. ఉన్నదల్లా వంతు తప్పదన్న నమ్మకం. నేను సంస్కృతి అని దేన్నైనా పిలవాలంటే దీన్నే పిలుస్తాను.

గొడవలు లేవా? ఉన్నాయి. తూము దగ్గర రాత్రి కావళ్లు, కాలువ చివరి మడికి నీరందక పెట్టే శాపనార్థాలు ఏ ఆయకట్టుకైనా తప్పవు. కానీ కారణం చూడండి. కట్టినప్పుడు 2.423 టీఎంసీలు పట్టిన ఈ జలాశయం, పూడిక చేరి ఇప్పుడు 1.82 టీఎంసీలే పడుతోంది. దాదాపు నాలుగో వంతు మట్టిపాలైంది. పైరైతు స్వార్థపరుడని తీర్పు చెప్పేముందు షట్టరు సరిగా దిగుతోందా, కాలువలో తుంగ పెరిగిందా అన్నది చూడాలి. పూడిక తీయించాల్సినవాళ్లకు ఎండ్రకాయల కథ చాలా అనుకూలం. తప్పంతా రైతు గుణం మీదికి పోతుంది, అడిగేవాడు ఉండడు.

అపోహ: రైతులు ఒక్కటి కారు.

వాస్తవం: 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు, గిట్టుబాటు ధర కావాలంటూ పసుపు, ఎర్రజొన్న రైతులు 170 మందికి పైగా నిజామాబాద్‌లో నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. పోటీలో మొత్తం 185 మంది ఉండటంతో ఎన్నికల సంఘం మామూలు యంత్రాలు చాలక ప్రత్యేక ఈవీఎంలు తెప్పించాల్సి వచ్చింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు అదే నిజామాబాద్‌లో మొదలైంది. మన కామారెడ్డిలోనైతే 2023 జనవరిలో, పచ్చని భూములను పారిశ్రామిక జోన్‌లో చూపిన మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద చుట్టుపక్కల ఊళ్ల రైతులు పార్టీలు పక్కనపెట్టి కలెక్టరేట్ ముందు కూర్చున్నారు. ఆ నెలలోనే పురపాలక సంఘం దాన్ని రద్దు చేస్తూ తీర్మానించింది. ఆ పోరులో ఒక రైతు ప్రాణం పోయింది. ఆ నష్టాన్ని ఏ గెలుపూ పూడ్చదు.

అపోహ: సహకార సంఘం అంటే మునిగేదే.

వాస్తవం: 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి చొరవతో పుట్టిన ముల్కనూరు సహకార సంఘం నేటికీ నడుస్తోంది. అక్కడి మహిళలు సొంతంగా పాల డెయిరీనే పెట్టుకున్నారు. అవతల 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద ఎన్నో సంఘాల్లో ఎన్నికలు వాయిదా పడ్డాయి, పాలకవర్గాల స్థానంలో అధికారులు కూర్చున్నారు. ఈ పెత్తనం వద్దనే 1995లో ఉమ్మడి రాష్ట్రం పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం తెచ్చింది, దేశంలో అదే మొదటిది. మునిగిన సంఘాల లెక్కలు సభ్యులు ఎప్పుడైనా చూశారా అన్నదే అసలు ప్రశ్న.

అపోహ: ఊరంతా ఒక్కమాట మీదుంటే చాలు.

వాస్తవం: ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ. ఉమ్మడి నిజామాబాద్ ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీలు గుళ్లు కట్టించాయి, రోడ్లు వేయించాయి. వాటిలో కొన్ని, తమ మాట వినని కులాన్ని బహిష్కరించాయి కూడా. దుకాణంలో సరుకు ఇవ్వొద్దు, కూలికి పిలవొద్దు, మాట్లాడితే జరిమానా. దళితుల మీద, చేతివృత్తుల కులాల మీద ఇలాంటి తీర్మానాలు చేసినందుకు పోలీసు కేసులు నమోదయ్యాయి. డబ్బు పట్టుకుని వెళ్లిన మనిషికి ఉప్పు పొట్లం కూడా అమ్మని ఐకమత్యం ఊరిని బాగుచేయదు. ఇలాంటి బహిష్కరణల మీద పక్కనున్న మహారాష్ట్ర శాసనసభ 2016లోనే ప్రత్యేక బిల్లును ఆమోదించింది. మన దగ్గర కూడా కమిటీ వేసిన ప్రతి జరిమానా, వేలంలో వచ్చిన ప్రతి రూపాయి గ్రామసభలో అందరి ముందూ చదివి వినిపించాలి. బహిష్కరణ పడ్డ వాడల మనుషులు ఆ సభలో ముందు వరసలో కూర్చోవాలి.