ఫ్రాంక్‌ఫర్ట్ దారి డిగ్రీ రెండో ఏటే మొదలవుతుంది

అరకు కాఫీకి 2017లో ప్యారిస్‌లో సొంత దుకాణం వచ్చింది. ఆ సంగతి మన పత్రికలన్నీ రాశాయి. అంతకు చాలా ముందే ఐరోపా డబ్బు మన కొండలెక్కిన సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. నాంది ఫౌండేషన్ 2010 నుంచి అరకు ప్రాంతంలో గిరిజన రైతులతో లక్షల చెట్లు నాటించింది. వాటికి పెట్టుబడి లైవ్లీహుడ్స్ అనే ఫండ్ నుంచి వచ్చింది. దానోన్, హెర్మెస్‌లాంటి కంపెనీలతో పాటు క్రెడి అగ్రికోల్ అనే ఫ్రెంచి బ్యాంకు కూడా ఆ ఫండ్‌లో డబ్బు పెట్టింది. చెట్టు, దాని ఫలసాయం రైతువి. ఆ చెట్లు పీల్చుకున్న బొగ్గుపులుసు వాయువుకు లెక్కకట్టి ఇచ్చే కార్బన్ క్రెడిట్లు పెట్టుబడి పెట్టినవాళ్లవి. ఇలాంటి లెక్కలు కట్టే చోట మన ఏజెన్సీ పిల్లలు కూడా ఉండాలన్నది నా బలమైన కోరిక.

మాది అనంతగిరి. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగలు, ఇదీ మా ఇంటి ఆస్తి. విశాఖలో బీకాం చదివి, జర్మనీలో ఫైనాన్స్ మాస్టర్స్ చేసి, ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక బ్యాంకులో అనలిస్టుగా ఉన్నాను. ఊరికి వచ్చినప్పుడల్లా డిగ్రీ పిల్లలు అడిగేది ఒకటే: ‘అక్కా, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ అంటే ఏంటి? మాలాంటివాళ్లకి దొరుకుతుందా?’

పేరులో బ్యాంకు ఉన్నా ఇక్కడ పొదుపు ఖాతాలుండవు, బంగారం మీద అప్పులుండవు. ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొనాలన్నా, బాండ్లు అమ్మి అప్పు తెచ్చుకోవాలన్నా, మొదటిసారి షేర్లు మార్కెట్లో పెట్టాలన్నా మా దగ్గరికి వస్తారు. విలువ ఎంతో లెక్కగట్టి, ఎదుటి పక్షాన్ని వెతికి, బేరం కుదిర్చి, ఫీజు తీసుకుంటాం. కొత్తగా చేరినవాళ్లకు ఎక్సెల్‌లోనే తెల్లవారుతుంది. బయటి నుంచి తెచ్చి వేసిన అంకె నీలం రంగులో, సూత్రం లెక్కగట్టిన అంకె నలుపు రంగులో ఉండాలి. నీలం అంకె ప్రతిదానికీ ఎక్కడిదో చూపించాలి. డీల్ నడిచే రోజుల్లో అర్ధరాత్రి దాటడం మామూలే. ఇది దాచిపెట్టి పిల్లలకు ఆశ చూపించడం నాకిష్టం లేదు.

ఇంటర్వ్యూలో నన్నడిగిన ప్రశ్న ఒకటి చెబుతాను. కాఫీ గింజల ధర పెరిగితే, గింజలు కొని వేయించి అమ్మే కంపెనీ ఖాతాల్లో ముందు ఏం మారుతుంది? లాభం తగ్గుతుందని చాలామంది అంటారు. కానీ ధర పెరిగిన ఏడాది మా సంతలో షావుకారు పరిస్థితి నేను చూశాను. పార్చ్‌మెంట్ కాఫీ సంచులు ఎదురుగా ఉన్నాయి, కొనేందుకు చేతిలో నగదు చాల్లేదు. కంపెనీకైనా అంతే. అదే సరుకు నిల్వ చేయడానికి ఎక్కువ డబ్బు కట్టాలి కాబట్టి ముందు నగదు తగ్గుతుంది, నిల్వ విలువ పెరుగుతుంది. ఆ సరుకు అమ్ముడుపోయాకే లాభనష్టాల పట్టీలో ఖర్చు కనబడుతుంది. లాభం, ఆస్తి అప్పులు, నగదు: ఈ మూడు పట్టీలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో అర్థమైతే ఈ చదువులో సగం వచ్చినట్టే. సంతలో పెరిగిన పిల్లలకు ఇది కొత్త విద్య కాదు.

లండన్ ఉండగా ఫ్రాంక్‌ఫర్ట్ ఎందుకు? 2020 జనవరి 31న బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి బయటికి వచ్చింది. ఆ ఏడాది చివరితో, అక్కడి లైసెన్సుతో సమాఖ్య దేశాల్లో వ్యాపారం చేసే వీలు పోయింది. దాంతో అమెరికా బ్యాంకులు ఫ్రాంక్‌ఫర్ట్, ప్యారిస్‌లలో తమ సంస్థలను పెంచుకున్నాయి. డాయిష్ బ్యాంక్, బీఎన్‌పీ పారిబా, సొసియెతె జెనెరాల్, మిలాన్‌లో మెడియోబాంకా ఎలాగూ సమాఖ్య దేశాలవే.

లండన్‌లో ఎక్కువగా వేసవి ఇంటర్న్‌షిప్ నుంచే ఉద్యోగానికి తీసుకుంటారు. ఇక్కడ మూడు నుంచి ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌లు ఏడాది పొడుగునా ఉంటాయి. ఫ్రాన్స్‌లో చదువు మధ్యలో ఏడాది సెలవు పెట్టి రెండు చేసేవాళ్లు ఎందరో. అయితే కాలేజీ, కంపెనీ, విద్యార్థి ముగ్గురూ సంతకం చేసిన ఒప్పందం లేనిదే అక్కడ ఇంటర్న్‌గా తీసుకోరు. ముందు చిన్న సలహా సంస్థ, తర్వాత ఆడిట్ సంస్థలో విలువ కట్టే విభాగం, ఆపైన పెద్ద బ్యాంకు. నేను ఎక్కిన మెట్లూ ఇవే. పెద్ద బ్యాంకులకు చాలా నెలల ముందే దరఖాస్తు పెట్టాలి.

డబ్బు సంగతి. బొకోనీ, హెచ్‌ఈసీ ప్యారిస్‌లాంటి విద్యాసంస్థల్లో ఫీజులు భారమే. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. పేరున్న మన్‌హైమ్ విశ్వవిద్యాలయం ఉన్న రాష్ట్రంలో మాత్రం మనలాంటివాళ్లు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. జర్మనీ వీసా కోసం ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు బ్లాక్డ్ ఖాతాలో చూపించాలి; మన డబ్బులో పది లక్షలు దాటుతుంది. మన సర్టిఫికెట్లను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ పత్రం 2022 నవంబరు నుంచి తప్పనిసరి అయింది. గిరిజన విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. దేశం మొత్తానికి ఏటా ఇచ్చేవి 20; అందులో 3 ఆదిమ తెగలవారికి. ఇన్ని కోట్ల మందికి 20 చాలవు, చాలవని గట్టిగా అడగాలి. ఫ్రాన్స్ ప్రభుత్వం ఇచ్చే ఐఫెల్, ఐరోపా సమాఖ్య ఇచ్చే ఎరాస్మస్ ముండస్ కూడా చూడాలి.

వీటన్నిటికంటే ఎక్కువమందిని ఆపేది భాష. పాఠాలు ఇంగ్లీషులో చెబుతారు, కానీ కుటుంబ కంపెనీని అమ్ముకునే జర్మన్ పెద్దాయన తన మాటలోనే మాట్లాడతాడు. జర్మన్ రానివాళ్లకు ఇంటర్వ్యూ పిలుపులు బాగా తగ్గిపోతాయి. మాస్టర్స్‌కు వెళ్లాక మొదలుపెడితే సమయం చాలదు. డిగ్రీ రెండో ఏట మొదలుపెట్టాలి. హైదరాబాద్‌లో గోథే కేంద్రం, అలయాన్స్ ఫ్రాన్సేజ్ ఉన్నాయి. అనంతగిరి పిల్ల అక్కడ గది అద్దెకు తీసుకుని భాష నేర్చుకోగలదా?

అందుకే పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థను (ఐటీడీఏ) అడుగుతున్నాను: అరకు, పాడేరు డిగ్రీ కాలేజీల్లో జర్మన్, ఫ్రెంచి తరగతులు ఒక్కొక్కటి పెట్టండి. ఆన్‌లైన్‌లో చెప్పే గురువు, ఆగకుండా పనిచేసే ఇంటర్నెట్, పరీక్ష ఫీజు, ఈ మూడూ ఇస్తే చాలు.