మతిమరుపుకు మొక్కల మందు ఎంతదాకా వచ్చింది?

అల్జీమర్స్ అని తేలాక డాక్టర్లు రాసే మాత్రల్లో గాలంటమైన్ ఒకటి. అది మొక్కలోంచి వచ్చిన మందని వాడేవాళ్లలో చాలామందికి తెలియదు. చలికాలం చివర మంచు ఇంకా కరగకముందే ఐరోపాలో తెల్లగా పూసే స్నోడ్రాప్ మొక్కల్లో ఆ రసాయనం ఉంది. 1950లలో సోవియట్, బల్గేరియా శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేసి, మొదట నరాల, కండరాల జబ్బులకు వాడారు. అల్జీమర్స్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2001లో. జ్ఞాపకానికి అవసరమైన అసిటైల్‌కోలిన్‌ను మెదడులో విరిచేసే ఎంజైమును ఇది అడ్డుకుంటుంది. జబ్బును నయం చెయ్యదు గానీ కొందరికి కొంతకాలం ఆసరా అవుతుంది. రివాస్టిగ్మైన్ అనే ఇంకో మందుకు మాతృక పశ్చిమ ఆఫ్రికాలోని కలబార్ చిక్కుడు గింజలో దొరికే విషం.

కాబట్టి మూలికలతో ఏమవుతుందని తీసిపారేయడం సరికాదు. అయితే ఈ రెండూ మందులైంది మొక్కలో పనిచేసే పదార్థమేదో, మోతాదెంతో, మనుషుల్లో ఫలితమేమిటో తేల్చిన తరవాతే. మన మొక్కలకూ అదే పరీక్ష పెట్టాలి. ఆ గౌరవం వాటికి దక్కాలని నా కోరిక.

అశ్వగంధ సంగతే చూడండి. పల్లెల్లో పెన్నేరు గడ్డ అంటారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి తొలి డైరెక్టరైన విజయలక్ష్మి రవీంద్రనాథ్ బృందం 2012లో ఒక అధ్యయనం ప్రచురించింది. అల్జీమర్స్ లక్షణాలు వచ్చేలా జన్యువులు మార్చిన ఎలుకలకు నెల రోజులు ఈ వేరు సారం పట్టించారు. మెదడులో పేరుకున్న అమిలాయిడ్ అనే ప్రొటీన్ తగ్గింది. దారి మరిచిన ఎలుకలు మళ్లీ దారి పట్టుకోగలిగాయి. అసలు విశేషం ఏమిటంటే, ఆ సారం పనిచేసిన చోటు మెదడు కాదు, కాలేయం. అక్కడ ఎల్‌ఆర్‌పీ అనే ప్రొటీన్ పెరిగి, రక్తంలోని అమిలాయిడ్‌ను లాగేసుకుంది. దాంతో మెదడులోది రక్తంలోకి దిగింది. కాలేయంలో ఆ ప్రొటీన్ తయారు కాకుండా ఆపి చూస్తే వేరు గుణం కనపడలేదు. చూర్ణం తింటే మంచిదన్న మాటకూ, ఎక్కడ ఎలా పనిచేస్తుందో పట్టుకోవడానికీ ఇంత తేడా ఉంది.

కానీ ఎలుకల్లో అమిలాయిడ్‌ను తగ్గించిన మందులు మనుషుల దగ్గరికొచ్చేసరికి ఎన్నో వీగిపోయాయి. పదేళ్లు దాటినా, అశ్వగంధ అల్జీమర్స్ రోగులకు మేలు చేస్తుందని ధైర్యంగా చెప్పగలిగేంత పెద్ద పరీక్ష మనుషుల మీద జరగలేదు. అందరి పెరట్లో పెరిగే వేరుకు పేటెంటు దక్కదు గనక కంపెనీలు అంత డబ్బు పెట్టవని నాకనిపిస్తుంది.

బ్రాహ్మి కథ కాస్త ముందుకు నడిచింది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ 1960లలోనే అందులోని బాకోసైడ్‌లను గుర్తించింది. 2008లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 65 ఏళ్లు దాటిన 54 మందిని తీసుకుని, సగం మందికి రోజూ 300 మిల్లీగ్రాముల సారం, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్రలు 12 వారాలు ఇచ్చారు. సారం తీసుకున్నవాళ్లు విన్న మాటల్ని కొంత మెరుగ్గా గుర్తు తెచ్చుకున్నారు. కానీ వాళ్లెవరికీ మతిమరుపు జబ్బు లేదు. ఇంకో చిక్కుంది: నీటి ఒడ్డున పాకే బ్రాహ్మినీ, గుండ్రటి ఆకుల సరస్వతి ఆకునీ బజారులో ఒకే పేరుతో అమ్ముతారు. ఒకదాని మీద వచ్చిన ఫలితం రెండోదానికి వర్తించదు.

ఇలాంటి చిన్న పరీక్షల్ని చూసి సంబరపడకూడదని చెప్పింది గింకో అనే చెట్టు ఆకు. అమెరికాలో 75 ఏళ్లు దాటిన మూడు వేల మందికి పైగా పాల్గొన్న పరీక్షలో అది డిమెన్షియాను ఆపలేదని 2008లో తేలింది. పసుపులోని కర్కుమిన్‌దీ అల్జీమర్స్ రోగుల్లో నిరాశే. నోటితో తీసుకుంటే అది రక్తంలోకి చేరేది బహు తక్కువ.

ఇండియా నుంచి విదేశాల్లోని మన ఇళ్లకు వచ్చే సూట్‌కేసుల్లో పచ్చళ్ల పక్కన చూర్ణాల డబ్బాలూ ఉంటాయి. ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే అయిదింట ఒకదానిలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో కనపడిందని 2008లో ప్రచురించారు. అశ్వగంధతో కాలేయం దెబ్బతిన్న రోగుల వివరాలూ వైద్య పత్రికల్లో వచ్చాయి. రక్తం పలచబరిచే మందు వాడుతున్నవాళ్లకు గింకో తోడైతే రక్తస్రావం ముప్పుంది. అమ్మానాన్నలు ఏ పొడి తింటున్నారో, డబ్బాతో సహా డాక్టరుకు చూపించండి. బీ12 లోపం, థైరాయిడ్, దిగులు కూడా మతిమరుపులా కనిపిస్తాయి. శాకాహారుల ఇళ్లలో బీ12 పరీక్ష మరీ అవసరం. ఇవి దొరికితే వైద్యం ఉంది. చూర్ణంతో నెట్టుకొచ్చే ఏడాది, నిజానికి వాటిని పట్టించుకోవాల్సిన ఏడాది.

ఇక్కడి మన తెలుగు సంఘాలు గుళ్లకూ బళ్లకూ ఉదారంగా ఇస్తున్నాయి. స్వచ్ఛత తేల్చిన అశ్వగంధ సారాన్ని, అల్జీమర్స్ తొలి దశలో ఉన్న పెద్దల మీద, ఉత్తుత్తి మాత్రతో పోల్చి ఏడాదిన్నర పరీక్షించే పనికి ఒక నిధి మొదలుపెడదామని కోరుతున్నాను. మన సభ్యుల్లో న్యూరాలజిస్టులున్నారు, గణాంక నిపుణులున్నారు. ఫలితం లేదని తేలినా ప్రచురించాలన్నది మొదటి షరతుగా పెట్టుకుందాం.